రాగి పూసిన బుట్ట

బుట్ట అనగానే మీకు బంతిపూలో కోడిపిల్లలో గుర్తొస్తే అందులో నా తప్పేమీ లేదు. నేను ఒక స్టెయిన్‌లెస్ స్టీలు బుట్టను. తీగతో అల్లిన ఒళ్లు, సన్నటి జల్లెడ అడుగు, మోచేతికంటే పొడవైన పిడి. పుట్టింది బాలానగర్‌లో, ఒక వెల్డింగ్ షెడ్డులో. ఇప్పుడు ఉంటున్నది కూడా బాలానగర్‌లోనే, ఒక గోడ మీద. ఆ షెడ్డు నుంచి ఈ గోడ దాకా నడిస్తే చేతిలో చాయ్ చల్లారదు. అంతమాత్రాన నా బతుకు కదలకుండా మెదలకుండా గడిచిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నిజానికి నన్ను చేయించింది సనత్‌నగర్‌లో మిఠాయి దుకాణం పెడదామనుకున్న ఒకాయన. సమోసాలు నూనెలోంచి తీయడానికి బుట్ట కావాలన్నాడు. నేను తయారయ్యేసరికి ఆయన మనసు బట్టల వ్యాపారం మీదికి మళ్లింది. వెల్డింగ్ మేస్త్రి నన్ను మేకుకు తగిలించి, వచ్చినవాళ్లకల్లా చూపించి, ఆ మిఠాయి ఆయన్ని తిట్టుకుంటూ ఉండేవాడు. చివరికి పక్క సందులో షెడ్డు నడిపే భుజంగరావు వచ్చి, నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, బేరమాడి తీసుకుపోయాడు. నూనెలో వేగాల్సినదాన్ని యాసిడ్‌లో మునిగాను. రాత ఎలా ఉంటే అలా.

భుజంగరావు షెడ్డులో ఏ వస్తువూ తయారుకాదు. బయట తయారైన వస్తువులు వచ్చి, స్నానం చేసి వెళతాయి. ముఖ్యంగా విరిగిన ఎముకలకు డాక్టర్లు బిగించే స్క్రూలు, పలకలు. ఆ స్నానాన్ని పాసివేషన్ అంటారని సంతకాలు పెట్టే కాగితాల మీద ఉంటుంది. షెడ్డులో మాత్రం అందరూ మందు పెట్టడం అనేవారు.

మందు ఎందుకో చెప్పాలి. మా స్టెయిన్‌లెస్ జాతికి తుప్పు పట్టదని లోకంలో పేరు. అది సగమే నిజం. లేత్ మీద కోసేటప్పుడు, సాన పట్టేటప్పుడు మామూలు ఇనుము నలుసులు మా ఒంటికి అంటుకుంటాయి. తుప్పు పట్టేది ఆ నలుసులకు. మాట పడేది మేము. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపోట్లు అని ఊరికే అనలేదు. ఆ నలుసుల్ని కరిగించేస్తే, తర్వాత గాలి తగిలి మా ఒంటి మీద కంటికి కనిపించని పొర ఒకటి దానంతటదే కడుతుంది. ఆ పొరే మాకు రక్ష. అంటే యాసిడ్ మాకు ఇచ్చేదేమీ లేదు, ఉన్న మురికి తీసేయడం తప్ప. మిగతా పనంతా గాలిది.

ఈ మాట ఆ షెడ్డులో ఒక మనిషి మాత్రం నమ్మలేదు. ఆయన పేరు పోచమల్లు.

పోచమల్లు సిద్దిపేట వైపు మనిషి. కూలికి వచ్చి, యాసిడ్ తొట్టి దగ్గర నిలబడడానికి మిగతావాళ్లు జంకుతుంటే తాను నిలబడి, మందు మేస్త్రి అయ్యాడు. నన్ను పిడి పట్టుకుని స్క్రూలతో సహా తొట్టిలో ముంచేదీ, తీసేదీ, నీళ్లలో కడిగేదీ, ఎండలో ఆరబెట్టేదీ ఆయనే. ఇంకొకరు నన్ను ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర చిన్నచిన్న కంతలుండేవి. భుజంగరావు కొనిచ్చిన మాస్కు గోడకు దిష్టిబొమ్మలా వేలాడేది. ఆయన మూతికి తువ్వాలు చుట్టుకుని, దవడలో బెల్లం ముక్క పెట్టుకుని పని చేసేవాడు. బెల్లం తింటే పొగ కడుపులోకి దిగి పోతుందని ఆయన నమ్మకం. పొగ మాత్రం కడుపులోకి పోయేది కాదు. పొద్దున గేటు తీసిన చప్పుడు కంటే ముందు ఆయన దగ్గు వినిపించేది. ఆ దగ్గును బట్టే నాకు తెల్లారిందని తెలిసేది.

మందు పనికి స్పెక్ అని ఒకటి ఉంటుంది. ఏ యాసిడ్ ఎంత కలపాలో, ఎంతసేపు ముంచాలో, తర్వాత ఎలా పరీక్షించాలో అందులో రాసిపెడతారు. రాసేవాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు. వాళ్ల చొక్కాలకు కంతలుండవని నా అనుమానం. నేను చేరిన కొత్తలో నైట్రిక్ యాసిడ్‌లో డైక్రోమేట్ అనే నారింజరంగు పలుకులు కూడా కలిపేవారు. తొట్టి చూస్తే మామిడిరసంలా నోరూరించేది. కొన్నేళ్లకు ఆ పలుకులు క్యాన్సర్ తెస్తాయి కాబట్టి మానేయమని కబురొచ్చింది. మొన్నటిదాకా వాడినవాళ్లు ఏం చేయాలో ఆ కబురులో లేదు. పోచమల్లు మాత్రం ఆ రంగు పోయినందుకు చాలా రోజులు దిగులుపడ్డాడు. రంగులేని మందుకు బలముండదని ఆయన వాదన.

తర్వాత ఆ పాత స్పెక్‌నే రద్దు చేసి కొత్తది తెచ్చారు. ఆ సంగతి మా సందులోకి చేరడానికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా మేము లేని చట్టాన్ని భక్తిశ్రద్ధలతో పాటిస్తూనే ఉన్నాం. దేశంలో ఇది పెద్ద వింత కాదని తర్వాత విన్నాను.

స్పెక్‌లు ఎన్ని మారినా మారనిది ఒకటుండేది. మైలుతుత్తం పరీక్ష. నీలంగా ఉండే ఆ నీళ్లు స్క్రూ మీద పూసి కాసేపు ఆగుతారు. ఎక్కడైనా ఇనుప నలుసు మిగిలి ఉంటే అక్కడ ఎర్రగా రాగి తేలుతుంది. లేకపోతే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే గొప్ప ఫలితం అనిపించుకునే పరీక్ష అదొక్కటే నేను చూశాను. రాగి తేలిందంటే పోచమల్లు షెడ్డంతా దద్దరిల్లేలా కేక పెట్టేవాడు.

“పూసిందీ!”

తంగేడు పూసినంత సంబరంగా ఉండేది ఆ కేక. కానీ ఆ కేక వినబడితే ఎక్కడి పని అక్కడ ఆగాల్సిందే. ఆ లాటు, అంటే ఆ విడత సరుకంతా, గేటు దాటకూడదు. ఒకసారి లారీ బయట హారన్ కొడుతుంటే, భుజంగరావే వచ్చి ఒక్క చుక్కే కదా, తుడిచేసి పంపించమన్నాడు.

“తుడిస్తే చుక్క పోతది సార్, ఇనుము పోదు” అన్నాడు పోచమల్లు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆ కేక తర్వాత ఆయనకు తప్పనిసరిగా దగ్గు తెర వచ్చేది. కేక, దగ్గు ఒకే మాటలో రెండు ముక్కల్లా ఉండేవి.

ఇక దసరా. ఆ పండక్కి షెడ్డులో పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, అమ్మవారి పటం ముందు వరుసగా పేర్చి పూజ చేసేవారు. వరుసలో నాదే మొదటి చోటు, అది పోచమల్లు పట్టుదల. నేను తళతళలాడకపోతే ఆయన పరువు పోయినట్టే. అందుకని పండగ ముందురోజు హార్డ్‌వేర్ కొట్టుకు పోయి, కర్రపనివాళ్లు వాడే మెత్తటి ఇనుప పీచు కొత్తది తెచ్చేవాడు. మూలమూలలా, తీగతీగా, చంటిపిల్లకు నలుగు పెట్టినంత ఓపికగా నన్ను తోమేవాడు. మిగిలిన పీచును కాగితంలో చుట్టి అమ్మవారి పటం వెనక దాచేవాడు. నేను మెరిసిపోయేదాన్ని. పూజకు వచ్చిన వాళ్లు బుట్ట కొత్తదా అని అడిగేవారు.

ఆ మెరుపంతా నా ఒంటికి పట్టిన ఇనుప పొడి అని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. పండగ వెళ్లిన మర్నాడు నన్ను నైట్రిక్ తొట్టిలో ముంచగానే ఒళ్లంతా చురచురమనేది, గోధుమరంగు పొగ లేచేది, ఆ పొడి అంతా కరిగిపోయేది. పోచమల్లు ఆ పొగ పీల్చి, దగ్గి, పండగ తర్వాత మందు మంచి బలంగా ఉంటుందని అందరికీ చెప్పేవాడు. ఏటా ఆయన ప్రేమతో తప్పు చేసేవాడు, ఏటా యాసిడ్ ఆ తప్పును కడిగేసేది. అలా మా ముగ్గురి కాపురం చాలా ఏళ్లు సాగింది.

అప్పుడు రజిత వచ్చింది. హుజూరాబాద్ దగ్గరి పిల్ల, కెమిస్ట్రీ చదువుకుంది, క్వాలిటీ చూడడానికి భుజంగరావు పెట్టుకున్నాడు. మొదటిరోజే తొట్టి దగ్గరికి వచ్చి, పోచమల్లు దగ్గు విని, ఆ దగ్గు తగ్గేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత కొన్ని నెలలు భుజంగరావు చెవిలో ఒకటే పోరు పెట్టింది. కొత్త స్పెక్ ప్రకారం నైట్రిక్ అక్కర్లేదనీ, సిట్రిక్ యాసిడ్‌తో కూడా అదే పని అవుతుందనీ, పొగ రాదనీ, కొనేవాళ్లు కూడా ఒప్పుకుంటారనీ. భుజంగరావు ముందు కొట్టిపారేశాడు, తర్వాత నసిగాడు, చివరికి వేడిచేసే చిన్న తొట్టి ఒకటి కొన్నాడు. ఆయన ఏ పని చేసినా ఈ వరసలోనే చేస్తాడు.

పోచమల్లుకు మాత్రం అవమానమే అయింది. సిట్రిక్ అంటే నిమ్మకాయల్లో ఉండే పులుపని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆయన ఆ తొట్టి పేరు షర్బత్ తొట్టి అని మార్చేశాడు.

“మేడం, ఉప్పు చక్కెర గూడ ఎయ్యమంటవా? స్క్రూలకు దూప తీరుతది” అన్నాడు ఒకరోజు. రజితను ఆయన మేడం అనేది వెటకారానికే.

రజిత నవ్వి, “లారీ ముందట కట్టే నిమ్మకాయ మంచిదే గని, తొట్టిల పోస్తే చెడ్డదా కాకా?” అంది. మిగతావాళ్లు నవ్వారు. పోచమల్లు నవ్వలేదు. నైట్రిక్ దగ్గర నిలబడే ధైర్యం ఆయనొక్కడికే ఉండేది, దాంతో ఆయనకొక పీట ఉండేది. షర్బత్‌లో చెయ్యి పెట్టడానికి ధైర్యమెందుకు? ఆ బాధ ఆయన మాటల్లో ఉండేది కాదు, నడకలో ఉండేది.

నా సంగతీ అలాగే అయింది. కొత్త తొట్టి చిన్నది, నా నడుము అందులో పట్టలేదు. దానికి వేరే బుట్ట వచ్చింది, నాకంటే చిన్నది, నాకంటే కొత్తది. మందులో మునగడం దాని పని. మునిగి వచ్చిన స్క్రూలను నాలో కుమ్మరించి, నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టడానికి మాత్రం నన్ను వాడుకున్నారు. రిటైరైన మాస్టారికి బడి గేటు తాళంచెవులు అప్పగించినట్టు. నేనూ పోచమల్లూ పక్కపక్కన కూర్చుని ఆ చిన్న బుట్టను చూసేవాళ్లం.

అంతలో దసరా వచ్చింది. అవమానాల ఏడాది కాబట్టి పోచమల్లు నన్ను మరింత గట్టిగా తోమాడు. చేతిలోకి తీసుకున్న పీచు పొడిపొడి అయ్యేదాకా వదల్లేదు, మిగిలింది ఎప్పటిలాగే పటం వెనక దాచాడు.

“నువ్వేం ఫికర్ చెయ్యకు. ఆ చిన్నది ఎన్ని వేషాలేసినా ముందట కూసునేది నువ్వే” అన్నాడు నాతో. ఆయన నాతో మాట్లాడడం అరుదు. నన్ను అమ్మవారి ముందు మొదటి చోట పెట్టాడు. నేను అంతగా మెరిసింది ఎన్నడూ లేదు.

మర్నాడు మాత్రం నన్ను ఎవరూ యాసిడ్‌లో ముంచలేదు. మునగడం ఇప్పుడు నా పని కాదు. ఒంటినిండా ఇనుప పొడితో ఉన్న నాలోకి అప్పుడే మందులో మునిగి శుభ్రంగా వచ్చిన స్క్రూల్ని కుమ్మరించి, మీద నీళ్లు పోశారు. ఆ స్క్రూలు నాలో దొర్లుతుంటే నా ఒంటి పొడి వాటికి అంటుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజు నేను పడ్డ బాధ తొట్టిలో మునిగిన ఏ రోజూ పడలేదు.

పక్షం తిరక్కముందే డబ్బాలు వెనక్కి వచ్చాయి. స్క్రూల తలల మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు మచ్చలు. మనిషి ఎముకలో దిగాల్సిన స్క్రూ తుప్పు పడితే దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్లు ఏమంటారో మీరు ఊహించుకోవచ్చు. వాళ్లు దానికంటే ఎక్కువే అన్నారు. భుజంగరావు ఫోన్ చెవి నుంచి దూరంగా పట్టుకుని విన్నాడు. ఇంకొక్క లాటు ఇలా వస్తే పని వేరేవాళ్లకిస్తామని వాళ్లు తేల్చి చెప్పారు.

“చూస్తివా? నిమ్మరసంల ముంచితే తుప్పు పట్టదా మరి?” అని భుజంగరావు రజిత మీద విరుచుకుపడ్డాడు.

“సార్, తొట్టిలకెళ్లి తీసిన స్క్రూలు నేనే టెస్ట్ చేసిన. ఒక్కటి గూడ పూయలే. తొట్టి మంచిగనే ఉన్నది.”

“తొట్టి మంచిగుంటే తుప్పు ఆకాశంలకెళ్లి పడ్డదా?”

రజిత అన్నీ మళ్లీ వెతికింది. తొట్టి వేడి చూసింది, యాసిడ్ ఎంత కలిసిందో చూసింది, కడిగే నీళ్లు మార్పించింది. నన్ను మాత్రం చూడలేదు. తళతళలాడుతున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? నేను ఎదురుగానే ఉన్నాను. మురికిగా ఉన్నవాళ్ల మీదికే మనుషుల చూపు ముందు పోతుందని ఆ వారంలో నేర్చుకున్నాను.

భుజంగరావు నిర్ణయం చెప్పేశాడు. సోమవారం నుంచి పాత నైట్రిక్ మందే. రజిత నెలాఖరు దాకా వచ్చి ఆ తర్వాత మానేయవచ్చు. శనివారం మధ్యాహ్నానికి నైట్రిక్ డ్రమ్ములు ఆటోలో దిగాయి. పోచమల్లు వాటిని పెళ్లివారిని దింపుకున్నట్టు దింపుకున్నాడు. పాత తొట్టి మూత తీసి, గోడలు రుద్ది, మేకుకున్న తువ్వాలు దులిపి, బెల్లం తెప్పించుకున్నాడు. సిట్రిక్ వచ్చాక ఆయన దగ్గు కొంచెం తగ్గిన మాట నాకు తెలుసు, తెల్లారడం ఆలస్యంగా తెలుస్తోంది కాబట్టి. ఆయనకు తెలియదు. లేదా తెలిసి ఒప్పుకోలేదు.

“ఏమనుకోకు మేడం. పాతదానికున్న పవరు కొత్తదానికి ఏడికెళ్లి వస్తది?” అన్నాడు రజిత పక్కనుంచి పోతూ. ఆ మాటలో గెలుపు ఉంది కానీ సంతోషం అంతగా లేదు. ఆ పిల్ల ముఖం ఆయన చూడలేకపోయాడు.

రజిత ఆఖరి ప్రయత్నంగా నాలో మిగిలి ఉన్న నాలుగు స్క్రూల మీద మైలుతుత్తం నీళ్లు వేసింది. అంతలో కంపెనీవాళ్లు ఫోన్‌లో ఉన్నారని భుజంగరావు ఆఫీసుగదిలోంచి పిలిచాడు. సీసా మూత పెట్టకుండానే పరిగెత్తింది. ఆ తొందరలో నీలంనీళ్లు కొన్ని నా తీగల మీద కూడా ఒలికాయి.

చల్లగా అనిపించింది. తర్వాత చిమచిమలాడింది. ఇన్నేళ్లుగా వేల స్క్రూలను నా ఒడిలో పెట్టుకుని ఈ పరీక్ష చేశారు కానీ నన్ను ఎన్నడూ పరీక్షించలేదు. నా ఒంటి మీద రాగి తేలుతుంటే నాకు సిగ్గు వేసిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను.

సోమవారం నుంచి నేను మళ్లీ పాత తొట్టిలో దిగాలి కాబట్టి నన్ను తీసుకుపోవడానికి పోచమల్లు వచ్చాడు. స్క్రూలను చూడకుండానే తీసి పక్కన పెట్టాడు. పిడి పట్టుకుని వెలుతురులోకి ఎత్తాడు. ఎత్తి చూశాడో లేదో, ఆయన నోటి వెంట కేక వచ్చేసింది.

“పూసిందీ!”

ఆ కేక ఆయన ఆలోచించి పెట్టింది కాదు. ఎర్రటి రాగి కంటపడితే ఆ గొంతులోంచి ఆ మాట వస్తుంది, తుమ్ము వచ్చినట్టు. షెడ్డంతా ఎక్కడి పని అక్కడ ఆగిపోయింది. వెనకాలే దగ్గు తెర వచ్చి, ఆయన్ని వంగదీసి, వదిలింది. తల ఎత్తేసరికి ఆయనకు అర్థమైంది, తాను దేని గురించి కేక పెట్టాడో. స్క్రూ కాదు. బుట్ట.

భుజంగరావు, రజిత గదిలోంచి బయటికి రావడానికి కొంచెం సమయం ఉంది. పోచమల్లు భుజం మీద తువ్వాలు ఉంది. ఒక్కసారి తుడిస్తే రాగి పోతుంది, పాత మందు తిరిగొస్తుంది, ఆయన పీట ఆయనకు దక్కుతుంది, ఏదో అనుకుని అరిచానంటే ఎవరూ రెండో మాట అడగరు. ఆయన తువ్వాలు అంచు పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. నేనైతే తుడవమనే కోరుకున్నాను. అందరిముందూ అలా ఎర్రబడి నిలబడడం నాకిష్టం లేదు.

ఆయన తువ్వాలు వదిలేశాడు. ఎన్నడూ తుడవని చెయ్యి అది, ఆ రోజు మాత్రం ఎలా తుడుస్తుంది? ఆ మనిషి మీద నాకున్న కోపమంతా, నన్ను తోమినందుకున్న కోపం కూడా, అక్కడికక్కడే పోయింది.

“ఏది పూసింది? స్క్రూలేనా?” అంటూ భుజంగరావు వచ్చాడు.

“కాదు సార్. బుట్ట.”

రజిత నన్ను అందుకుని, వేలితో తీగ తడిమి చూసింది. మొహంలో రంగు మారింది. “దీన్ని దేంతోటి తోమిండ్రు?”

 షెడ్డులో ఉన్న ప్రతి మనిషీ అమ్మవారి పటం వైపు చూశాడు. పోచమల్లే వెళ్లి, పటానికి దండం పెట్టి, వెనక నుంచి కాగితం పొట్లం తీసి, విప్పి బల్ల మీద పెట్టాడు. మిగిలిన పీచు అప్పటికే ఎర్రగా తుప్పుపట్టి ఉంది.

“తోమింది నేనే. పండుగకు” అన్నాడు.

భుజంగరావుకు ఇంకా ఎక్కలేదు. “అరె, ప్రతి దసరాకు తోముతనే ఉన్నడు గదా. అప్పుడు లేని తుప్పు ఇప్పుడెట్ల వస్తది?”

“అప్పుడు బుట్ట గూడ మందుల మునుగుతుండె సార్. తెల్లారంగనే కడుక్కపోతుండె. ఇప్పుడు మునుగుతలేదు.” రజిత గొంతు మెల్లగానే ఉంది. ఆ గొంతులో గెలిచిన జాడ లేదు.

పోచమల్లు అప్పుడే దిగిన డ్రమ్ము మీద కూలబడ్డాడు.  “అంటే ఇన్నేండ్లు నేను చేసిన తప్పును మందు కడుక్కుంట వచ్చిందా?”

“కడిగింది కాకా. నీ ఛాతీని గూడ గట్లనే కడిగింది.”

 పోచమల్లు ఏదో అనబోతే దగ్గు వచ్చింది. దగ్గి, దగ్గి, తగ్గాక తాను కూర్చున్న డ్రమ్మును అరచేత్తో ఒకసారి తట్టి లేచాడు. “వీటిని వాపస్ పంపుండ్రి సార్. మూత ఇంక తియ్యలే” అన్నాడు.

డ్రమ్ములు అమ్మినవాడు గొణుక్కుంటూ వాటిని తిరిగి తీసుకుపోయాడు. రజిత ఉండిపోయింది. తన మాట తాను వెనక్కి తీసుకున్నట్టు భుజంగరావు ఎక్కడా చెప్పలేదు. నెలాఖరు వచ్చినప్పుడు ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు, అంతే. మైలుతుత్తం సీసాను రజిత పోచమల్లు చేతికి ఇచ్చి, ఇకమీదట ఆయన చూసి పంపమంటేనే లాటు పోవాలని అందరిముందూ చెప్పింది. స్క్రూలతోపాటు బుట్టలకూ, పట్టకార్లకూ కూడా పరీక్ష చేయమంది. ఆయన సీసా పట్టుకుని, “గట్లనే మేడం” అన్నాడు. ఈసారి ఆ మేడంలో వెటకారం కోసం అందరూ వెతికారు. దొరకలేదు.

కొన్నాళ్లకు కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తప్పు ఎక్కడ జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం చేశారో చూపించమన్నాడు. చూపించడానికి నేను తప్ప ఏముంది? నన్ను గోడకు తగిలించి, పక్కన ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టారు, ఇనుప పీచు వాడరాదు అని. నన్ను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవచ్చు, అదేమంత పని కాదు. కానీ వాడకం నుంచి తొలగించామని కాగితం మీద రాసేశారు. బుట్టను కడగడం తేలిక, రాసిన కాగితాన్ని కడగడం వాళ్ల వల్ల కాదు. నిజం చెప్పినవాళ్లను మనుషులు సాధారణంగా గోడకే తగిలిస్తారు. ఆ లెక్కన నాకు మర్యాద జరిగినట్టే.

గోడ మీద బతుకు తీరికైనది. పైనుంచి షెడ్డంతా కనిపిస్తుంది. షర్బత్ తొట్టి మీద తెల్లటి ఆవిరి మాత్రమే లేస్తుంది. పోచమల్లు చొక్కాలకు కొత్త కంతలు పడడం లేదు. పొద్దున గేటు చప్పుడు వినిపించాకే ఆయన రాక తెలుస్తోంది. మొదట్లో రోజూ నాకు తెల్లారినట్టే అనిపించేది కాదు.

ఏడాది తిరిగి మళ్లీ దసరా వచ్చింది. పండగ ముందురోజు పోచమల్లు నిచ్చెన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను భయపడ్డాను. ఆయన చేతిలో పీచు లేదు. నన్ను దించి, ఒక పాత ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోయించి చేసిన తొట్టిలో వేడినీళ్లూ సిట్రిక్కూ కలిపి, నా నడుము పట్టేలా మొత్తంగా ముంచాడు. నాకు ఆ మందు అదే మొదటిసారి. చురచుర లేదు, పొగ లేదు. ఆయన పక్కనే స్టూలు వేసుకుని, గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టిన పిల్లను చూసుకున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. తీసి, మంచినీళ్లతో కడిగి, గాలికి ఆరబెట్టి, నూలుగుడ్డతో తుడిచాడు. అప్పుడు సీసా తెచ్చి, నా తీగతీగకూ నీలంనీళ్లు పూశాడు.

విషయం తెలిసి ఒక్కొక్కరే పని వదిలి వచ్చారు. రజిత వచ్చింది. భుజంగరావు కూడా చేతిలో కొబ్బరికాయతో వచ్చి నిలబడ్డాడు. పోచమల్లు వంగి నన్ను అన్నివైపులా తిప్పి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. పాసయిన లాటుకు ఆయన ఎప్పుడూ కేక పెట్టేవాడు కాదు. ఆ రోజు పెట్టాడు.

“పూయలే!”

మునుపటి కేకలన్నిటికంటే పొడుగైన కేక. రేకుల కప్పు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ తర్వాత అందరూ ఆయన వైపే చూశారు. కేక వెనకాల వచ్చేదేమిటో అందరికీ అలవాటే. నేనూ దానికోసమే చూశాను. పోచమల్లు కూడా ఛాతీ మీద చెయ్యి వేసుకుని, తల కొంచెం వంచి, దానికోసం ఎదురుచూశాడు.

రాలేదు.

ఆయన ఇంకొంచెంసేపు ఆగాడు. అలవాటుకొద్దీ జేబులోంచి బెల్లం ముక్క తీశాడు, ఎందుకు తీశాడో తోచనట్టు దాన్ని చూశాడు. తర్వాత చెయ్యి చాపి రజితకు ఇచ్చాడు.

“తిను బిడ్డా, పండుగ” అన్నాడు.